మడత పెట్టిన పేజీ

నర్సు మణికుమారి భూమయ్య కాలి కట్టు విప్పుతుండగానే, ముర్తుజా ఆ నీలం అట్ట పుస్తకాన్ని తెచ్చి ఆమె ముందున్న బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ తెలుగే కదా? కాస్త చదివి చెప్పు” అన్నాడు హిందీలో.

భూమయ్య అరికాలి పుండు నొప్పి కూడా ఒక్కసారిగా మరిచిపోయాడు.

ముర్తుజా ఒమన్‌లోని సహంలో ఇళ్లు కట్టించే కంపెనీకి యజమాని. పనివాళ్లంతా అర్బాబ్ అంటారు. శుక్రవారం వచ్చిందంటే తుపాకీ జీపులో వేసుకుని కొండలవైపు జింకల వేటకు పోతాడు. నిరుడు, డెబ్భై నాలుగు చలికాలంలో, సైట్ దగ్గర అందరినీ నిలబెట్టి ఒక మాట అడిగాడు. ఏ గాలికి జింక ఎటు మేస్తుందో వాళ్ల నాన్నకు తెలిసేదట. ఆయనతోనే అదంతా పోయిందట. తనైనా ప్రతి వేటనూ రాయించి పెట్టుకుంటే, చేసిన తప్పు మళ్లీ చేయకుండా ఉండొచ్చు. తనకు చదువు రాదు. ఏ భాషలో రాసినా సరే, అడిగినప్పుడు వినిపిస్తే చాలు. ఎవరు రాస్తారు?

సిమెంటు తట్టలు మోసేవాళ్లలో చేయెత్తింది భూమయ్య ఒక్కడే.

ఆ రోజుతో అతని నెత్తిమీది తట్ట దిగింది. వారమంతా స్టోరు నీడలో డ్యూటీ, శుక్రవారం అర్బాబ్ పక్కన జీపులో సీటు. వేటయ్యాక ఓ బండ మీద కూర్చుని పుస్తకం నింపేవాడు. ముర్తుజా ఎప్పుడు ఏ వేట సంగతి అడిగినా, రాళ్ల దారిలో జీపు ఎగిరెగిరి పడుతున్నా సరే, ఎక్కడా తడుముకోకుండా చదివేవాడు. ఊళ్లో అతని తండ్రి పెద్దులు కూడా అంతే. అడవిపంది వేటకు పోయొచ్చాడంటే, మొదటి అడుగుజాడ నుంచి చివరి దెబ్బ దాకా పొల్లుపోకుండా చెప్పేవాడు.

రూములో మాత్రం భూమయ్య ఆ పుస్తకాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

“గా బుక్కు ఎవడన్న సదివిండనుకో, నీ పని ఖతమే బిడ్డా” అని పక్క మంచం గంగన్న ఏడిపించేవాడు.

“నువ్వు నోరు మూస్కుంటే ఎవ్వడు సదువడు” అనేవాడు భూమయ్య.

అర్బాబ్ గురి ఎంత గొప్పదో క్యాంపులో తెలియనివాళ్లు లేరు మరి.

మూడు శుక్రవారాలుగా వేట పడలేదు. ముర్తుజా బావమరిది ఎహసాన్ దాన్ని పట్టుకున్నాడు. ఆ భూమయ్య నోటికొచ్చింది చెబుతున్నాడేమో, ఎప్పుడైనా సరిచూశావా అని పొడిచాడు. అందుకే కాబోలు, ఆస్పత్రికి వస్తూ దారిలో ముర్తుజా ఓ పాత వేట సంగతి చదివించుకున్నాడు. విన్నాక ఆ పేజీ మూల మడతపెట్టి, పుస్తకం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ మడత ఎందుకో భూమయ్యకు ఇప్పుడు తెలిసింది.

“నువ్వు నోరు విప్పకు” అన్నాడు ముర్తుజా అతనివైపు తిరిగి. “ఈమె చదివినదానికీ నువ్వు చదివినదానికీ తేడా వచ్చిందా, శనివారం మస్కట్ లారీ ఎక్కుతావు. అటునుంచి అటే బొంబాయి.”

మణికుమారిది భీమవరం వైపు. ముల్లు విరిగి భూమయ్య కాలు చీము పట్టినప్పటి నుంచి, పది రోజులుగా ఆమే కట్టు మారుస్తోంది. ఆ నొప్పి తెలియకుండా ఉండాలని భూమయ్య వేట కబుర్లన్నీ చెప్పుకుపోయేవాడు. అర్బాబ్ ముందు అనలేనివి కూడా ఇక్కడ అనేసేవాడు. ఆమె నవ్వుతూ, బాగున్నవాటిని మళ్లీ చెప్పించుకునేది.

ఆమె చేతులు తుడుచుకుని మడత పెట్టిన పేజీ తెరిచింది. కాసేపు దానివంకే చూసింది. తల ఎత్తి భూమయ్యను చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

“చేతిరాత కాస్త గజిబిజిగా ఉంది. ఇది ఏ రోజు సంగతండీ?” అని ముర్తుజాను అడిగింది.

“రెండు జింకలు దొరికిన రోజు. మిగతాది పుస్తకమే చెప్పాలి.”

ఆమె వరుస మీద వేలు పెట్టి, ఆగి ఆగి హిందీలో చదివింది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. జీపును మట్టిదిబ్బ వెనక ఆపి, ఎండిన వాగులో నడిచారు. తుమ్మచెట్ల కింద ఐదు జింకలు కనిపించాయి. ముర్తుజా ఒక్కో మాటకూ తల ఊపుతున్నాడు.

“మూడు తూటాలు కాల్చారు” అని చదివింది ఆమె.

ముర్తుజా తల ఆగిపోయింది. జీపులో భూమయ్య రెండు అనే చెప్పాడు. అర్బాబ్ కూడా ఊరందరికీ రెండు అనే చెప్పుకున్నాడు.

“మొదటిది రాతికి తగిలింది. గాలి సంగతి చూసుకోకుండా తొందరపడ్డారు.”

ముర్తుజా గడ్డం నిమురుకుంటూ కిటికీవైపు తిరిగాడు.

“ఆ రోజు అక్కడ ఉన్నది మేమిద్దరమే. ఈ ముక్క నేను నా భార్యకు కూడా చెప్పలేదు” అన్నాడు మెల్లగా. తర్వాత భూమయ్య భుజం మీద చెయ్యి వేశాడు. “రాసింది నిజమే. చదివేటప్పుడే నా మొహం చూసి దాటేస్తున్నావు. ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు చదువు. తప్పు దాచిపెడితే నేను నేర్చుకునేదేముంది?”

ఎహసాన్‌కు ఈ మాట తానే చెబుతానని నవ్వుతూ జీపు దగ్గరికి వెళ్లాడు.

మణికుమారి పుండు కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టింది. భూమయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

“నేను సెప్పిన ముచ్చట యాదుంచుకొని నా కొలువు నిలవెట్టినవ్ సిస్టరమ్మా.”

ఆమె పుస్తకం మూసి అతని చేతికిచ్చింది.

“రేపు ఓ పావుగంట ముందే రండి భూమయ్య గారూ, ‘అ’ దిద్దడంతో మొదలుపెడదాం.”