గడప మీద పానా

"ఈ ఆదివారంతో తమ్ముడి గొడవ తీరిపోతుంది" అని అన్న ఎవరితోనో అన్నాడట. పక్కింటి టీచరమ్మ బట్టలు ఆరేస్తూ విన్నదట. విన్నది విన్నట్టు తమ్ముడి భార్య చెవిన వేసింది. ఆవిడ దానికి కాస్త ఉప్పూ కారం చల్లి మొగుడికి వడ్డించింది.

"తీరిపోవడమంటే ఏమిటో అర్థమైందా? కారు మొత్తం ఆయన సొంతం కావడం!"

తండ్రి పోయాక ఇంటికి మధ్యగోడ లేచింది. గిన్నెలూ మంచాలూ రెండు వాటాలయ్యాయి. తండ్రి ముచ్చటపడి కొనుక్కున్న ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ఒక్కటే రెండు ముక్కలు కాలేదు. పెరటి షెడ్డులో ఉమ్మడిగా దుమ్ము తింటోంది. అన్నదమ్ములు మాట్లాడుకుని ఏళ్లు గడిచాయి.

అలాంటిది, ఉన్నట్టుండి అన్నకి ఆ కారు చక్రాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తమ్ముడు మెకానిక్ దగ్గరికెళ్లి కూపీ లాగాడు.

"స్పేసర్లు వేస్తున్నారండీ. చక్రం వెనక పెట్టే అల్యూమినియం బిళ్లలు. మీ కారు చక్రాలు మడ్‌గార్డు లోపలికి ముడుచుకుని ఉంటాయిగా, కాస్త బయటికొస్తే బండి ఠీవిగా నిలబడుతుంది. పదిహేను మిల్లీమీటర్లవి పెట్టి చూస్తే ఆయన కంటికి ఆనలేదు. పాతికవి పెడితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంది. ఇరవైవి ఖాయం చేసి పట్టుకెళ్లారు."

"బిగించింది నువ్వు కాదా?"

"వద్దన్నారు. ఇంటి దగ్గర మేం చూసుకుంటాంలే అన్నారు."

"అందులో ప్రమాదమేమైనా ఉందా?"

"బిళ్ల మందానికి తగ్గట్టు పొడుగు బోల్టులు వెయ్యాలి. పాతవే వేస్తే మరలు సరిగా పట్టవు. ఇక చక్రం దాని దారి అది చూసుకుంటుంది" అని నవ్వాడు మెకానిక్.

తమ్ముడికి నవ్వు రాలేదు.

ఇంటికొచ్చేసరికి తన వైపు గడప మీద గుడ్డలో చుట్టిన వస్తువేదో ఉంది. విప్పి చూశాడు. చక్రాలు బిగించే పానా. తండ్రి వాడినది. ఇంతలో గోడ అవతల నుంచి వదిన గొంతు వినిపించింది.

"చక్రాలు పెట్టేశారట. నీకు చెప్పమన్నారు మీ అన్నయ్య."

"చెప్పారుగా వదినా" అన్నాడు, అంతే.

"కారు జోలికొస్తే దీంతో బుర్ర పగలగొడతానని బెదిరింపు. అంతకన్నా ఏముంది!" అని భార్య పళ్లు నూరింది.

అన్న బజారుకెళ్లడం చూసి తమ్ముడు షెడ్డులో దూరాడు. పానాని గోడకున్న దాని మేకుకే తగిలించాడు. ఆయన బెదిరింపు ఆయనకే ఉండనీ అనుకున్నాడు. కారింకా జాకీల మీదే ఉంది. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఒక బోల్టు పట్టుకున్నాడు. అది వేళ్లతోనే తిరిగింది. తిరిగి తిరిగి చేతిలోకి వచ్చింది.

కొత్తది. పొడుగైనదే.

పొడుగు బోల్టులు కొన్నది రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా. బిగించకుండా వదిలింది పని జరగడానికి. ఎంత తెలివి!

బోల్టుని మళ్లీ వేళ్లతోనే యథాస్థానంలో పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. భార్యకి కూడా.

ఆదివారం పొద్దున అన్న షెడ్డు తలుపులు తీశాడు. మేకుకి వేలాడుతున్న పానా కనబడగానే ఆయన మొహం వెలిగిపోయింది. జాకీలు దించి, మధ్యగోడ చుట్టూ తిరిగి తమ్ముడి గుమ్మంలోకి తనే వచ్చాడు.

"వచ్చి చూశావన్నమాట!"

"చూశాను" అన్నాడు తమ్ముడు పొడిగా.

"అయితే రా. ముందు నువ్వే ఒక చుట్టు తిప్పుకురా."

"ఎంత మాట అన్నయ్యా! పెద్దవాడివి. ముందు నువ్వే."

ఎన్నేళ్లకో విన్న పిలుపు. అన్న కళ్లు చెమర్చాయి. "పోనీ పక్కన కూర్చోరా" అన్నాడు.

"నేనిక్కడే నిలబడి బండి ఠీవి చూస్తాను."

కారు ఠీవిగానే వెళ్లింది. వీధి చివర మలుపు వచ్చింది. కారు మలుపు తిరిగింది. ఎడమ ముందు చక్రం తిన్నగా పోయింది.

జనం మూగేసరికి కారు ఒక ప్రహరీగోడకి ఆనుకుని ఉంది. అన్నని బయటికి లాగి అరుగు మీద కూర్చోబెట్టారు. భుజం ఎముక విరిగింది. వదిన కొంగుతో ఆయన నుదుటి మీద నెత్తురు తుడుస్తోంది. పరుగున వచ్చిన మెకానిక్ రోడ్డు మీద పడి ఉన్న బోల్టులు ఏరి చూశాడు.

"ఇదేం పని సార్! బోల్టులు బిగించకుండా ఎవరైనా బండి తీస్తారా?"

"అడుగు, గట్టిగా అడుగు!" అంటూ తమ్ముడు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

అన్న మెకానిక్ వైపు చూడలేదు. తమ్ముడినే చూస్తూ అన్నాడు.

"చక్రం పెట్టి బోల్టులు వేళ్లతో ఆనించడం నా వంతు, పానాతో బిగించి దాన్ని మేకుకి తగిలించడం వీడి వంతు, నాన్న ఉన్నప్పట్నుంచీ అంతేగా!"