దశరథం మామ రెండు చేతులు

"సంతకం వెట్టు బిడ్డా, మళ్ల మెట్‌పల్లి బస్సు దొరకది." దశరథం మామ నూనె సీసాను సృజన ముందుకు జరిపాడు. "గీ నూనె మీద వాలిన దోమ వాలినట్టే సస్తది."

కరీంనగర్ కాలేజీలో పాఠాలు చెప్పే సృజన, మొక్కల నూనెలు దోమల మీద ఏమాత్రం పనిచేస్తాయో అక్కడి ల్యాబ్ గదిలో పరీక్షిస్తుంది. మామ అమ్మే నిమ్మగడ్డి నూనె బాగుందని ఆమె రాసిస్తే, ఈ వానాకాలం హాస్టల్ పిల్లలందరికీ అదే దిక్కు. మూత తీస్తే మాత్రం గుప్పుమన్నది కొబ్బరినూనె వాసన. పిల్లలు జ్వరాలతో పడతారని సృజనకు భయం వేసింది.

"నూనె రాసిన కాగితం మీద దోమల్ని వదిలి, ఎన్ని సచ్చినయో రేపు సూడాలె మామా."

"రేపా? మామ మీద గింత నమ్మకం లేదా?"

వెంట వచ్చిన తల్లి భూమవ్వ తమ్ముడి వైపే. "నిన్ను సంకల ఏసుకొని తిరిగినోడు. వాని మాట తీసేస్తవా?"

తల్లి ముందు మామను అబద్ధాలకోరు అనడానికి సృజనకు నోరు రాలేదు.

"రేపటిదాక ఎందుకు? నా చేతులే వెడ్త," మామ చొక్కా మడిచాడు. "ఒకటి ఉత్తది, ఒకటి నూనెది."

గదిలో దోమతెర చుట్టిన పెట్టెలు రెండున్నాయి. కుడివైపు దోమలతోనే రోజూ పరీక్షలు చేస్తారు. ఎడమవైపువి, పరీక్షలకు పనికొచ్చేవాటిని ఏరుకోగా మిగిలినవి. సృజన ఒక్క క్షణం ఆలోచించి ఎడమ పెట్టెను ముందుకు లాగింది.

మామ ఉత్త చెయ్యి లోపల పెట్టాడో లేదో గంతులేశాడు.

"అవ్వో! పీక్క తింటున్నయే!"

చెయ్యి బయటికి తీసి ఎర్రగా కందేదాకా గోక్కున్నాడు. భూమవ్వ కొంగుతో ఆ చెయ్యి తుడిచింది. తర్వాత మామ నూనె రాసిన రెండో చెయ్యి పెట్టి, పెళ్లిపీట మీద కూర్చున్నంత కులాసాగా కూర్చున్నాడు.

"సూసినవా? ఒక్కటన్న కుట్టిందా?"

"లే మామా. ఒక్కటి గూడ కుట్టలే."

"మరింక రాయి!"

"రాయను మామా."

మామ నోరు తెరిచేలోపే భూమవ్వ లేచింది. "నీ కండ్ల ముంగటనే గంతగనం కుట్టించుకున్నడు. ఇంకేం కావాలె నీకు?"

సృజన పెట్టెను మెల్లగా వెనక్కి జరిపింది.

"గవన్నీ మగదోమలే అవ్వా, అవి కుట్టవు."