తెర వెనక

1977 మార్చిలో, పోలింగు నాడు ఫక్రుద్దీన్ ఓటేసి కంపెనీ క్వార్టర్స్‌కి వచ్చేసరికి, చెక్ ఇంజనీరు యారోస్లావ్ వంటింటి గుమ్మంలో టెలిగ్రాం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను విశాఖపట్నం వచ్చి ఆరేళ్ళయింది. తెలుగు నేర్చుకున్నది తనకు వండిపెట్టే ఫక్రుద్దీన్ దగ్గరే.

“ఎవులికి ఏసినావు, బావా?”

“అది సెప్పకూడదు బాబూ! తెరెనక్కెల్లి ముద్ర గుద్దీసి వచ్చీసినాను. మా ఇంటిది అడిగి అడిగి అలిగి కూకుంది.” వేలి మీది సిరా మచ్చ చూపిస్తూ నవ్వాడు ఫక్రుద్దీన్.

యారోస్లావ్ నవ్వలేదు.

“మా దేశంలోనూ తెర ఉంటాది. దానెనక్కి ఎవులూ ఎల్లరు. పార్టీ ఇచ్చిన కాయితం అందరి ముందూ పెట్టెలో ఏసీడమే.”

“ఎల్తే ఏటవుద్ది?”

“పార్టీకి ఎదురెల్లినాడనీసి, బల్లకాడ కూకున్నోడు ఆడి పేరు రాసీసుకుంటాడు. మా నాన్న ఒకసారి ఎల్నాడు. బడిలో మేస్టారు. వారం తిరక్కుండా ఉద్యోగం పీకీసినారు. అప్పట్నించీ బాయిలర్‌లో బొగ్గేసినాడు.”

“ఇప్పుడెలాగున్నారు?”

యారోస్లావ్ టెలిగ్రాం చూపించాడు. “నిన్న పోనాడు.”

ఫక్రుద్దీన్ చేతిలో ఉన్న చేపల సంచీ కింద పెట్టేశాడు. ఉన్నట్టుండి కోపం వచ్చేసింది.

“మేస్టారుగారి పేరు రాసినోడి సెయ్యి పడిపోనూ!”

యారోస్లావ్ టెలిగ్రాంని మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇంక మడవడానికి లేకపోయినా మడుస్తూనే ఉన్నాడు.

“ఇంకా తిట్టు బావా. గట్టిగా తిట్టు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆ దినం బల్లకాడ కూకుని మా నాన్న పేరు రాసింది నానే.”