మధ్యాహ్న కీర్తన

పూలగుత్తులు వచ్చాయి. మైకు వచ్చింది. ముఖ్య అతిథి కూడా వచ్చేశాడు. సన్మానం జరగాల్సిన ప్రొఫెసరు గారు మాత్రం గుమ్మం వైపే చూస్తున్నారు.

“ఆ అమ్మాయి వస్తుందంటావా?” అని భార్యను మళ్లీ అడిగారు.

“వస్తానంది కదండీ! మీరలా కొంగలా మెడ సాచకండి, జనం నవ్వుతారు,” అందావిడ.

ఆయనకు నవ్వు రాలేదు. చేతిలో పాత టేపు రికార్డరు, గుండెలో అంతకన్నా పాత బరువు.

ఆయన చదువంతా సిరియాక్ భాష. క్రీస్తు మాట్లాడిన భాషకు దగ్గరి చుట్టం. తొలినాటి క్రైస్తవుల ప్రార్థనలూ కీర్తనలూ బోలెడన్ని అందులో ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు రాత, అక్షరాల పైనా కిందా చుక్కలు. అందుకే విద్యార్థులు ఆయనకు చుక్కల మాస్టారని పేరు పెట్టారు. ఎంత శిథిలమైన రాతప్రతి ఇచ్చినా గడగడా చదివేస్తారు. ఆ భాషను ఇప్పటికీ ఇళ్లలో మాట్లాడుకునేవాళ్లు నోరు విప్పితే మాత్రం నాలుగు మాటలకు ఒకటి అందుతుంది. పుస్తకాల్లో భాష వేరు, వాకిట్లో భాష వేరు. ఈ సంగతి ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకోరు.

ఆయనకు పేరు తెచ్చింది ఒక్క పాట.

వయసులో ఉన్నప్పుడు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో, ఆ భాష మాట్లాడే ఒక ముసలమ్మ ఇంటికి ఈ టేపు రికార్డరు పట్టుకుని వెళ్లారు. సెలవులన్నీ అక్కడే. ఆవిడ తనకొచ్చిన భక్తి పాటలు పాడేది. ఈయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోడవైపు తిరిగి రాసుకుంటూ పోయేవారు. తలెత్తితే ఒట్టు!

ఆ పాటల్లో చాలావరకు ముందే తెలిసినవి. కానీ రోజూ మిట్టమధ్యాహ్నం ఇంకొకటి వినిపించేది. ముందు టంగుమని చిన్న గంట. ఆ వెంటనే సాగదీసిన గొంతు. అలాంటిది ఏ గ్రంథంలోనూ లేదు. నిఘంటువులన్నీ ముందేసుకుని, ఆయన దాన్ని ఇలా అనువదించారు:

“లెమ్ము కుమారుడా, జ్వాల ఆరిపోవుచున్నది.
నీ ఎదుట ఉంచితిని, నీవు కన్నెత్తవైతివి.
లిఖించి లిఖించి నశించెదవు.
స్వీకరింపుము, పిదప లిఖింపుము.”

పండితులు ముక్కున వేలేసుకున్నారు. ఎన్నడో పోయిన మధ్యాహ్న ప్రార్థన దొరికిందన్నారు. గంట మీదే ఆయన ఒక అధ్యాయం రాశారు. పుస్తకం వచ్చింది, ప్రొఫెసరు కుర్చీ వచ్చింది, దేశదేశాల నుంచి పిలుపులొచ్చాయి. “ఆ సెలవులు మీకు కుర్చీనీ ఇచ్చాయి, కడుపులో పుండునీ ఇచ్చాయి,” అని భార్య ఇప్పటికీ దెప్పుతుంటుంది.

ముసలమ్మ అడిగింది ఒకే ఒక్కటి. బయల్దేరే రోజున రికార్డరు మీద చెయ్యి వేసి, ఈయనకు అర్థమయ్యేదాకా చెప్పి చెప్పి, “నా గొంతు నాకోసారి వినిపించు నాయనా,” అంది.

“వచ్చే సెలవుల్లో తప్పకుండా అమ్మా!” అన్నారు.

వెళ్లలేదు. ఇవాళ రేపు అంటూనే ఏళ్లు గడిచాయి. పుస్తకంలో ఆవిడ పేరైనా వేయలేదు, ‘ఒక వృద్ధురాలు’ అని సరిపెట్టారు. ఆవిడ పోయిందని తెలిసిన దగ్గర్నుంచీ, సభలో ఎవరు చప్పట్లు కొట్టినా తన చెంప మీద కొట్టినట్టే ఉంటోంది. ఛీ, ఇంత చిన్న మాట నిలబెట్టుకోలేని మనిషికి సన్మానమేమిటి అని ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నారో.

మొన్న కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్తే, దుకాణంలో అమ్మాయి ఫోన్లో ఎవరినో అదే భాషలో ఉతికి ఆరేస్తోంది. ఈయన ఆగి, ఆరా తీశారు. సాక్షాత్తూ ఆ ముసలమ్మ మనవరాలు! అందరూ చూస్తుండగానే ఆ పిల్ల చేతులు పట్టుకున్నారు. “నా సన్మానానికి నువ్వు రావాలి తల్లీ. మీ నానమ్మ గొంతు నీకైనా వినిపిస్తాను.”

ఇదిగో, వచ్చింది. దుకాణం కట్టేసి పరుగెత్తుకొచ్చినట్టుంది, ఇంకా ఆయాసపడుతోంది.

ప్రొఫెసరు ఆ అమ్మాయిని వేదిక వెనక గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. రికార్డరు మీట నొక్కారు. టంగుమంది గంట. ముసలమ్మ గొంతు గదంతా నిండింది.

“అయ్యో, మా నానమ్మే!” అంది అమ్మాయి. కాసేపు విని, పకపకా నవ్వింది. అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయనకూ కళ్లు చెమర్చాయి. “నేను దొంగనమ్మా. ఈ కీర్తన మీ నానమ్మది. కొత్త ముద్రణలో ఆవిడ పేరు వేయిస్తాను. ఇప్పుడే మైకులో అందరి ముందూ చెప్తాను. క్షమించానని ఒక్క మాట అను తల్లీ!”

“వద్దు సార్! మైకులో మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది!”

“అంటే... క్షమించలేవన్నమాట.”

“అది కీర్తన కాదు సార్,” అంది ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ, “‘లేరా అబ్బాయ్, చల్లారిపోతోంది, ఎదురుగా పెట్టినా చూడవేం, రాసీ రాసీ చచ్చేలా ఉన్నావు, ముందు ఇంత తిని తర్వాత రాసుకో’ అని మా నానమ్మ కంచం మోగించి మిమ్మల్ని భోజనానికి పిలుస్తోంది.”