పులిహోర కలిపేటప్పుడు వచ్చిన అనుమానం

గుడికైనా మసీదుకైనా చర్చికైనా ఇప్పుడు నుదుటికి పట్టీ కట్టుకునే వెళ్లాలి. మనసులో అనుమానం పుడితే పట్టీ మీద ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగినవాళ్లను బయటికి పంపేస్తారు.

శ్రీరామనవమికి మా గుడిలో పులిహోర కలపడం ఏటా నా వంతు. ఈసారి కలుపుతుండగానే నా దీపం వెలిగింది. పట్టీలు చూసే ఫణీంద్ర పరుగున వచ్చాడు.

"దేవుడి మీద అనుమానమా పిన్నిగారూ?"

"ఉప్పు మీద నాయనా. నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదు కదా."

"ఏ అనుమానమైనా ఒకటేనండీ. గరిటె అక్కడ పెట్టి బయటికి నడవండి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అనుమానమే లేకపోతే ఇంత శ్రద్ధగా ఎవరు కలుపుతారు?

ఇంతలో పూజారి వరదాచార్యులుగారు వచ్చి, తలకు చుట్టుకున్న కండువా తీశారు. కింద ఎర్రదీపం.

"నాది రోజూ వెలుగుతుందోయ్, స్వామి వింటున్నాడో లేదో అని. అందుకే అంత గట్టిగా చదువుతాను. నన్నూ పంపేస్తే హారతి నువ్వే ఇవ్వాలి మరి. మంత్రాలొచ్చా?"

ఫణీంద్ర నవ్వు ఆపుకోలేక పక్కకు జరిగాడు.

ఆచార్యులుగారు నా గిన్నె అందుకుని, ఎర్రదీపంతోనే గర్భగుడిలోకి వెళ్లారు. ఆ రోజు మంత్రం బస్టాండు దాకా వినపడింది.