ఎత్తని చేతులు

"ఏయ్ అవ్వా! యాడిదానివి నువ్వు? మా ఊరి గ్రామసభలో నీకేం పని?"

తిలక్ అరుపుకు బడి వరండా అదిరింది.

ముసలామె కదల్లేదు. చంకలో గుడ్డసంచి. కాళ్ళకు చెప్పుల్లేవు. జవళగిరి బస్సు దిగి, నేరుగా వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది.

"ఎవరైతే ఏమప్పా? నేను చెప్పేది విను. వాడేమన్నా సరే, మీరు ఈడ్నించి లేవొద్దండి."

వాడంటే కేశవప్ప. గ్రానైట్ కాంట్రాక్టరు. పంచాయతీ ప్రెసిడెంటు పక్కనే కుర్చీ వేయించుకుని కాలు మీద కాలేసుకున్నాడు. అతని జీపు బడి గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

2001, ఆగస్టు పదిహేను. జెండా ఎగరేశారు. పిల్లలకు మిఠాయి పంచారు. మిగిలింది ఒకటే తీర్మానం. ఊరి గుట్టను కేశవప్పకు క్వారీకిస్తే ఊరికి అభ్యంతరం లేదని.

గుట్ట పేలిస్తే కింద బావులెండుతాయి. బావులెండితే రాగి పైరు లేదు, బంతిపూలు లేవు. ఊరే లేదు.

హోసూరు కాలేజీలో చదివే తిలక్, పవిత్ర ఆ మాటే చెబుతూ ఇల్లిల్లూ తిరిగారు. ఇద్దరికీ కొత్తగా ఓటు వచ్చింది. ఎన్నడూ గ్రామసభ మొహం చూడని జనాన్ని తెచ్చి వరండా నిండా కూర్చోబెట్టారు. వాళ్ళంతా వద్దని చేతులెత్తితే కేశవప్ప ఖాళీ చేతుల్తో పోవాల్సిందే.

ఆ సంగతి కేశవప్పకూ తెలుసు. లేచి నిలబడ్డాడు.

"ఏందిరా, మీసాలు మొలవని పిలకాయలు నాకు అడ్డమొస్తారా? కాలేజీ పేరు చెప్పి సినిమాలకు పోయే ఆడపిల్లలు నాకు నీతులు చెప్తారా?"

పవిత్ర ముఖం మండింది. తిలక్ పిడికిలి బిగించాడు.

"మర్యాదగా మాట్లాడు!"

"మాట్లాడకపోతే ఏం పీకుతావురా? పోయి మీయమ్మ కొంగు పట్టుకో, పో!"

"మిమ్మల్ని లేపాలనే తిడతాండాడు!" ముసలామె గట్టిగా అంది. "గోలీలాడేటప్పుడే వాడంతే. ఓడిపోతాడంటే అవతలోన్ని తిట్టి ఆటలోంచి లేపేవాడు. మా ఊర్లోనూ పిలకాయలు రోషంతో లేసిపోయిరి. ఈ పొద్దు మాకు గుట్టా లేదు, బావుల్లో నీళ్ళూ లేవు. తిట్టనీండి. చేతులెత్తినాక కొట్టుకోండి!"

"చూస్తివా పవిత్రా?" తిలక్ పళ్ళు నూరాడు. "కూసోని తిట్లు తినాలంట! ఈమె కేశవప్ప పంపించిన మనిషే. ఊరందర్నీ తిట్టినోడు, ఈమె ఇన్ని మాటలన్నా నోరెత్తినాడా?"

నిజమే. కేశవప్ప ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"కూలెంతవ్వా? బిరియానీ కూడానా?" వెనక నుంచి ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది.

ముసలామె కళ్ళెర్రబడ్డాయి. "నోళ్ళుండాయి గానీ బుద్ధి లేదు మీకు!"

తిలక్ ఇక వినలేదు. టీవీ వార్తల్లో చూశాడు. శాసనసభలోంచి ప్రతిపక్షం చెయ్యి ఊపుకుంటూ బయటికి రావడం, కెమెరాలు వెంటపడడం.

"వాకౌట్!" అని అరిచాడు. "ఈ సభను బహిష్కరిస్తాండాం! ఇంకా ఈడ కూసున్నోళ్ళంతా కేశవప్ప మనుషులే!"

జనమంతా లేచింది.

ముసలామె తిలక్ చెయ్యి పట్టుకుంది. విదిలించి కొట్టాడు. ఆమె మెట్ల కింద మట్టిలో పడింది. జనం ఆమెను దాటుకుంటూ పోయారు. ఎవరూ లేపలేదు.

గేటు బయట నినాదాలు మిన్నంటాయి. పవిత్ర గొంతు చించుకుంది. జీవితంలో మొదటిసారి గెలిచినట్టనిపించింది.

లోపల ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

"తీర్మానం వద్దనేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. మట్టి అంటిన చెయ్యి.

"నీది ఈ ఊరు కాదు కదమ్మా. నీ చెయ్యి లెక్కకు రాదు. సరే, కావాలనేవాళ్ళు?"

కేశవప్ప మనుషులు నలుగురు ఎత్తారు.

"తీర్మానం ఏకగ్రీవం!"

పవిత్ర నినాదం ఆపేసింది. లోపలికి పరుగెత్తింది.

"ఆగండి సార్! ఊరంతా వద్దంటాంది కదా!"

"గేటు బయట అంటే ఎట్లమ్మా? లోపల కూసోని అనాల. సభ అయిపోయింది."

తిలక్ వచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయాడు. బిగించిన పిడికిలి అలాగే ఉంది. ఎవర్ని కొట్టాలో తెలియలేదు.

కేశవప్ప నవ్వుతూ మెట్లు దిగాడు. దిగి, చీరకంటిన మట్టి దులుపుకుంటున్న ముసలామె ముందు ఆగాడు. నవ్వు పోయింది. తల వాలింది.

"జీపెక్కు," అన్నాడు మెల్లగా. "ఈ ఎండలో యాడికని నడుస్తావు?"

కొడుకు మొహం వైపు చూడనైనా చూడకుండా, ఆమె వట్టి కాళ్ళతో జవళగిరి బస్సు కోసం నడిచిపోయింది.