పలకని మెట్టు

"ఆ వీడియో తీసేయమ్మా," అన్నాడు సుకుమార్, చెప్పులైనా విప్పకుండా.

ఆశాజ్యోతి గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "ముందు లోపలికి రండి మాస్టారూ. ధవళేశ్వరం నుంచి ఇంత ఎండలో వచ్చారు. మజ్జిగ తెస్తాను."

మజ్జిగ కోసం తుని దాకా రాలేదాయన. అయినా తాగాడు. దాహానికి కోపంతో పనిలేదు.

ధవళేశ్వరంలో వాళ్ల చర్చిలో నలభై ఏళ్లుగా హార్మోనియం వాయించేది ఆయనే. కట్టిన పాటలు పదో పన్నెండో ఉంటాయి గానీ జనం నోట నిలిచింది ఒక్కటే. ముప్పై నాలుగేళ్ల కిందటి క్రిస్మస్ పాట. గోదావరికి ఇటూ అటూ ఏ చర్చిలోనైనా పాడతారు. ఏటా క్రిస్మస్‌కి ఆయన లేచి అదే సాక్ష్యం చెబుతాడు: "జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడున్నానండి. లేచేసరికి వరస తలలో సిద్ధంగా ఉంది. దేవుడిచ్చాడు, నేను వాయించాను, అంతే." అందరూ స్తోత్రం అంటారు.

ఈ ఏడు చర్చికి జూబిలీ. ఆ పాత వరసనే తీసి క్వాయర్ కోసం నాలుగు గొంతులకి కొత్తగా కూరుస్తున్నాడు. ఆ వయసులో ఇంత చక్కటి వరస ఎలా తట్టిందా అని ఆయనకే ముచ్చటేసింది. తరవాత ఎన్ని రాత్రులు హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నా అలాంటిది మళ్లీ రాలేదు.

అంతలో క్వాయర్‌లో పాడే రూతు ఫోన్ తెచ్చి చూపించింది. పాత కేసెట్లోంచి ఎక్కించిన వీడియో. పాట ఆయనదే, పాడిన గొంతు పాత స్నేహితుడు సత్తిరాజుది. కింద సత్తిరాజు కూతురు ఆశాజ్యోతి రాసింది, "మా నాన్నగారు కట్టిన పాట" అని. దాని కింద ఊరూపేరూ లేనివాళ్లు సుకుమార్‌ని దొంగ అన్నారు. జూబిలీ పాటల పుస్తకం సోమవారం అచ్చుకి వెళ్లాలి. ఆ పాట మీద ఎవరి పేరు వెయ్యమంటారని పాస్టరుగారు నసిగారు. ఆ నసుగుడే ఆయన్ని తెల్లారగానే రైలెక్కించింది.

పరాయివాడు చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు. సత్తిరాజు బడి పంతులు. భార్య పోయిన మరుసటేడు, అయిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని బదిలీ మీద ధవళేశ్వరం వచ్చాడు. సుకుమార్‌కి పరిచయమైంది అప్పుడే. అప్పటినుంచీ ఆయన పక్కన కూర్చుని తబలా వాయించాడు. రిటైరయ్యాక తునిలో కూతురి దగ్గరికి చేరాడు. పోయిన ఈస్టర్‌కి ముందు చనిపోతే, మోసినవాళ్లలో సుకుమార్ కూడా ఉన్నాడు.

"ఆ పాట మొదటిసారి పాడినప్పుడు మీ నాన్న చర్చిలో వెక్కివెక్కి ఏడ్చాడమ్మా," అన్నాడు సుకుమార్. "నా చెయ్యి పట్టుకుని, ఈ పాటని వదలకండి అన్నాడు. నా దగ్గర అలా ఏడ్చి, నీకేమో తనదని చెప్పాడా? నమ్మినవాడే నట్టేట ముంచాడు."

"నాన్న ఉండగా ఆ కేసెట్ బయటికి తియ్యనివ్వలేదండి. 'సుకుమార్ గారు బాధపడతారే' అనేవారు."

"చూశావా! నేను బాధపడతానని తెలుసన్నమాట!"

ఆశాజ్యోతి మొహం వాడిపోయింది. ఆమె వెనక గోడకి రెండు ఫోటోలున్నాయి, ఒకటి సత్తిరాజుది, ఒకటి ఆమె తల్లి ప్రిస్కిల్లాది. ఆవిడని సుకుమార్ ఫోటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు. సత్తిరాజు ఫోటో వైపు చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాడు.

"ఊరికే అనటంలేదమ్మా. రుజువుంది. నా పాటలో 'ద' మీంచి గబుక్కున పై 'స'కి దూకుడుంటుంది. మధ్యలో 'ని' ఉండదు. ఎందుకో తెలుసా? నా పెట్టెలో ఆ మెట్టు నొక్కితే పలకదు. అది పలకదు కాబట్టే దూకాల్సొచ్చింది. ఇంకో పెట్టె మీద ఆ వరస పుట్టదు. మీ నాన్న పాటలోనూ అదే దూకుడు! నా పెట్టె పక్కన కూర్చున్నాడు కాబట్టే కదా!"

"ఆ పెట్టె మీకెలా వచ్చిందండి?"

"మీ నాన్నే తెచ్చిపెట్టాడు. ఎవరో తెలిసినవాళ్లదట, వాళ్లింట్లో ఇప్పుడు వాయించేవాళ్లు లేరట. నేను ఆ జ్వరంలో పడుంటే అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా వాయించి చూశాడని మా అమ్మ చెప్పింది. అదంతా ఇప్పుడెందుకూ?"

"మాస్టారూ, వీడియో చివరిదాకా విన్నారాండీ?"

"నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ సగంలోనే ఒళ్లు మండి ఆపేశాను."

ఆమె ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. సత్తిరాజు గొంతు పడుచుగా ఉంది. ఆ దూకుడు దగ్గరికి వచ్చేసరికి సుకుమార్ వేళ్లు అలవాటుగా మోకాలి మీద కదిలాయి. పాట అయిపోయినా కేసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఓ చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. ఏదో దబ్బున చప్పుడైంది. వెంటనే ఓ ఆడగొంతు, నవ్వాపుకుంటూ కసిరింది:

"ఆశా, దిగవే పెట్టె మీంచి! ఒక మెట్టు పలక్కుండా చేశావు, చాలదా?"

సుకుమార్ వేళ్లు ఆగిపోయాయి. "ఎవరమ్మా ఆవిడ?"

ఆశాజ్యోతి గోడ వైపు చూసింది.

"మా అమ్మండి."